నీడనిచ్చిన చెట్టు



"నాకు ఏ మనిషి సహాయమూ లేదు, దేవుడొక్కడే నన్ను ఈ స్థితికి తెచ్చాడు" అనే సాక్ష్యం మన కూడికల్లో తరచుగా వింటుంటాం. చెప్పేవాళ్లు భక్తితోనే చెబుతారు. రెండో సగానికి నేనూ ఆమెన్ అంటాను. మొదటి సగమే నాకు మింగుడుపడదు. ఎందుకో చెప్పాలంటే ఒక ఎడారి కొండ గురించి రాయాలి.

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, టూసాన్ నగరానికి పడమట, వాసన్ శిఖరం ఉంది. ఎత్తు 4,687 అడుగులు. టూసాన్ కొండల వరుసలో అదే అన్నిటికంటే ఎత్తు. నిరుడు ఫిబ్రవరిలో అమ్మాయి వాళ్లింటికి వెళ్లినప్పుడు అల్లుడు నన్ను అక్కడికి తీసుకెళ్లాడు. కింగ్ కాన్యన్ దారిలో పోనూ రానూ సుమారు 11 కిలోమీటర్లు. చలికాలం కాబట్టి నాలాంటివాడికి సాధ్యమైంది. వేసవిలో అక్కడ 40 డిగ్రీలు దాటుతుంది. దారిలో ఎక్కడా తాగునీరు దొరకదు, ప్రతి చుక్కా మోసుకుపోవాల్సిందే.

మొదట ఎండిన వాగు వెంబడి నడక. వాగు పక్క బండల మీద హోహోకం అనే పూర్వ ప్రజలు వందల ఏళ్ల కిందట చెక్కిన బొమ్మలున్నాయి. కొంచెం పైకి వెళ్తే రెండు పక్కలా ముళ్లే. మన చేల గట్ల మీది నాగజెముడు బంధువులు అక్కడ రకరకాలు. చోయా అని ఒకటుంది. ప్యాంటు అలా తగిలిందో లేదో, ముళ్ల కణుపు విరిగి పట్టుకుంటుంది. తీయడానికి దువ్వెన దగ్గర పెట్టుకోవాలని అల్లుడు ముందే చెప్పాడు. (మన కంచెల్లోని బొంతజెముడు చూడ్డానికి ఇలాగే ఉంటుంది గానీ కాక్టస్ జాతి కాదట. పాలు కారే వేరే కుటుంబం.)

వీటన్నిటి మధ్య స్తంభాల్లా నిలబడేవి సవారోలు. ఆ పార్కుకు పేరే వాటిది. 40 అడుగులు పెరుగుతాయి, కొన్ని ఇంకా ఎక్కువ. 150 ఏళ్లు దాటి బతుకుతాయి. పక్కకు చెయ్యి లాంటి కొమ్మ రావడానికే 50 నుంచి 75 ఏళ్లు పడుతుంది. వాన పడితే ఒంటి మడతలు విప్పుకుని నీళ్లు నింపుకుంటాయి. అక్కడి తోహోనో ఓఓధమ్ ప్రజలు జూన్ నెలలో వీటి పండ్లు కోసి పాకం కాస్తారు, ఈ మొక్కలను మనుషులతో సమానంగా గౌరవిస్తారు. ఎండలో ఒంటరిగా, ఎవరి మీదా ఆధారపడకుండా నిలబడినట్టు కనిపించే ఆ సవారోను చూస్తే ఏ బోధకుడికైనా ప్రసంగం తయారైపోతుంది.

కానీ అది ఒంటరిగా పెరగలేదు. మొదటి ఎనిమిదేళ్లలో సవారో మొక్క ఒకటి, ఒకటిన్నర అంగుళం మించదు. అంత చిన్నది ఆ ఎండకు, ఆ రాత్రి చలికి, నమిలే జంతువులకు తట్టుకోవాలంటే ఏదైనా చెట్టు కింద ఉండాలి. చాలాసార్లు ఆ చెట్టు పాలో వెర్డే. స్పానిష్‌లో పచ్చకర్ర అని అర్థం. మన తుమ్మ, చింతల కుటుంబమే. కరువొస్తే ఆకులు రాల్చేసి, పచ్చటి కాండంతోనే ఆహారం తయారుచేసుకుంటూ బతుకుతుంది. ఆ కొమ్మల మీద వాలిన పక్షి విడిచిన గింజ కిందనే మొలుస్తుంది. వాళ్లు దాన్ని దాది చెట్టు అంటారు. ఏళ్లు గడిచాక సవారో ఆ కొమ్మల్లోంచి తల పైకెత్తుతుంది. చాలాచోట్ల దాది చెట్టు ముందుగా ఎండిపోతుంది. వయసు ఒక కారణం. పైపైన పరుచుకున్న సవారో వేళ్లు వాన నీటిని ముందే లాగేసుకోవడం ఇంకో కారణమని అధ్యయనం చేసినవాళ్లు అంటారు. చుట్టూ ఎండుకట్టెలు, మధ్యలో పచ్చటి సవారో. అలాంటివి దారి పొడవునా కనిపించాయి. ఎండుకట్టెల వైపు ఎవరూ చూడరు.

శిఖరం దగ్గరికి వచ్చేసరికి సవారోలు బాగా పలచబడ్డాయి. పైన రాళ్లు, గాలి, తూర్పున టూసాన్ నగరం. నీడ మాత్రం లేదు. ఫోటోలు దిగి మన గ్రూపులో పెడితే నలభై మంది "ప్రైజ్ ద లార్డ్" పెట్టారు. పాలో వెర్డే ఫోటో కూడా పెట్టాను. దానికి ఎవరూ ఏమీ పెట్టలేదు!

ఏలీయా హోరేబు కొండకు వెళ్లిన సంగతి మనకు కంఠతా వచ్చు. అంతకుముందు ఆయన చావాలనుకుని పడుకున్నది బదరీవృక్షం కింద. రొట్టె, నీళ్లు దొరికింది అక్కడే. ఆ బలంతోనే నలభై రోజులు నడిచాడు. అంతకంటే ముందు సారెపతులో ఒక విధవరాలు తన చివరి పిండిలోంచి ఆయనకు పెట్టింది. హోరేబు మీద ఎన్ని ప్రసంగాలు విన్నామో, ఆ చెట్టు మీద ఎన్ని విన్నామో లెక్క చూసుకోండి.

కొన్నేళ్ల కిందట మన ప్రాంతంలో ఒక కృతజ్ఞతా కూడికకు వెళ్లాను. విదేశంలో ఉద్యోగం వచ్చిన తమ్ముడు మైకులో ఏ మనిషి సహాయమూ లేదన్నాడు. అతని అక్క పదో తరగతితో చదువు ఆపి, మిరపకోతలకు వెళ్లి అతని ఫీజులు కట్టింది. ఆమె ఆ సమయంలో వెనకాల గిన్నెల దగ్గర ఉంది, వంద మందికి వడ్డించాలి కదా. ఆ మాట విని తల వంచుకుని గరిటె కడుగుతూ ఉండిపోయింది. ఆమెకు పెళ్లి కాలేదు. ఇప్పుడు మోకాళ్ల నొప్పి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేవాళ్లు లేరు.

మనుషుల పేర్లు చెబితే దేవుని మహిమ తగ్గుతుందని కొందరు పెద్దలు అంటారు. నేను ఒప్పుకోను. పౌలు రోమా పత్రిక చివర ఒక అధ్యాయమంతా పేర్లే రాశాడు. ఫీబే తనకు సహాయపడిందన్నాడు. రూఫు తల్లి తనకూ తల్లే అన్నాడు. అపొస్తలుడికి అడ్డురాని పేర్లు మనకెందుకు అడ్డొస్తాయి? దేవుడు ఎండలో మొలకను కాపాడేది చెట్టును పెట్టే. ఆ చెట్టును దాటేసి ఆయనకు కృతజ్ఞత చెబితే, ఆయన చేసిన పనిలో సగం దాచినట్టే.

పేరు చెప్పడంతోనే సరిపోదు. దాది చెట్టు ఎండిపోవడం ఎడారిలో ప్రకృతి, ఎవరినీ తప్పుపట్టలేం. మన ఇళ్లలో అది ప్రకృతి కాదు. పొలం అమ్మి చదివించిన నాన్నకు కంటి ఆపరేషన్ వాయిదా పడుతుంటే, అమ్మ బీపీ మాత్ర రోజు విడిచి రోజు వేసుకుంటుంటే, అవతల కొత్త కారుకు ప్రార్థన చేయించమని నాకు ఫోన్ వస్తుంది. ప్రార్థన చేస్తాను. అమ్మ మాత్రల సంగతి కూడా అడుగుతాను, ఏమీ అనుకోవద్దు.

వచ్చే కోతల పండుగ కూడికలో సాక్ష్యం చెప్పేవాళ్లు తమకు నీడనిచ్చినవాళ్లను ముందుకు పిలిచి, పక్కన నిలబెట్టుకుని చెప్పాలని కోరుతున్నాను. బయట దేశాల్లో ఉన్నవాళ్లు వాయిస్ మెసేజ్ పంపండి, ఆ పెద్దవాళ్ల ఎదుటే స్పీకర్లో వినిపిస్తాం. ఆ రోజు వంట, వడ్డన మగపిల్లలు చూసుకుంటారు. యవనస్థుల నాయకుడితో మాట్లాడాను, సరే అయ్యగారూ అన్నాడు.