రెండు సిమ్ములు కలిపితే స్పీడు డబుల్ అవుతుందా?



వారం నుంచి మన గ్రూపులో ఒకటే వీడియో తిరుగుతోంది, రెండు నెట్‌లు కలిపేస్తే స్పీడు డబుల్ అని. తమ్ముళ్ళు కొందరు ఇంట్లో అడిగి రెండో సిమ్ముకి కూడా రీఛార్జ్ చేయించుకున్నారట. అందుకే ఇది రాస్తున్నాం.

వీడియో అబద్ధం కాదు. రాజమండ్రి హాస్టల్లో మేమూ చేసి చూశాం. ల్యాప్‌టాప్‌కి ఒక ఫోన్ హాట్‌స్పాట్, ఇంకో కంపెనీ సిమ్మున్న రెండో ఫోన్ కేబుల్‌తో. స్పీడిఫై లాంటి యాప్ డేటాని ముక్కలు చేసి రెండు దారుల్లో పంపుతుంది, అవతల దాని సర్వర్ మళ్ళీ అతికిస్తుంది. డౌన్‌లోడ్ బాగానే పెరిగింది. కానీ అక్కడున్నవి రెండు ఫోన్లు, గమనించండి. ఒకే ఫోన్లో రెండు సిమ్ములేస్తే మామూలుగా డేటా ఒకదాని మీదే నడుస్తుంది. వైఫైతో మొబైల్ డేటా కలిపే సెట్టింగ్ కొన్ని ఫోన్లలో ఉంది గానీ, మన ఊళ్ళో వైఫై ఎక్కడిది?

సెలవులకి మారేడుమిల్లి పైకి వెళ్ళి అదే చేస్తే ఏమీ కాలేదు. ఒక కంపెనీ సిగ్నలే లేదు, రెండోది గుట్టెక్కితే ఒక గీత. సున్నాకి ఒకటి కలిపితే ఒకటే కదా! రెండు కంపెనీలూ ఒకే టవర్ మీద ఉన్నచోట కరెంటు పోయి బ్యాటరీ అయిపోతే రెండూ ఒకేసారి పోతాయి. ధవళేశ్వరం దగ్గర నీళ్ళే లేకపోతే తూర్పు కాలువ, పశ్చిమ కాలువ రెండూ తెరిచి ఏం లాభం?

అసలు మనకి కావాల్సింది సినిమాలు దింపుకునే స్పీడు కాదు. వెబ్ ఆప్షన్ల చివరి రోజు పేజీ తెరుచుకోవాలి, ఓటీపీ టైముకి రావాలి. ఆ ఓటీపీ వచ్చేది ఎస్సెమ్మెస్‌లో, దానికి డేటా స్పీడుతో పనే లేదు. సిగ్నల్ నిలబడాలి, అంతే.

2021 నవంబరులో కేంద్రం మన రాష్ట్రంతో కలిపి ఐదు రాష్ట్రాల్లో 7,287 ఊళ్ళకి 4జీ ఇస్తామంది. 2022 జూలైలో దేశం మొత్తం మీద సిగ్నల్ లేని 24,680 ఊళ్ళకి 26,316 కోట్లు మంజూరు చేసి, పని బీఎస్‌ఎన్‌ఎల్‌కి అప్పగించింది. మన ఊరు ఆ లిస్టులో ఉందా? టవర్ లేచిందా? లేస్తే పనిచేస్తోందా? అడగాల్సింది ఇది. అది అడగకుండా, అమ్మ కొండచీపుర్లు అమ్మిన డబ్బుతో రెండో రీఛార్జ్ చేయించుకోవడం మాకు నచ్చలేదు.

ఊరి పేరు, పంచాయతీ, ఏ కంపెనీ సిగ్నల్ ఎక్కడ అందుతుందో, కరెంటు పోయాక ఎంతసేపు ఉంటుందో రాసి పంపండి. రంపచోడవరం, చింతూరు, కె.ఆర్.పురం ఐటీడీఏల్లో పీవో గార్లకి విడివిడిగా అర్జీలు ఇద్దాం. రాజమండ్రిలో ఉండి ప్రాజెక్టు పనులున్న వాళ్ళు రెండు ఫోన్లు కలుపుకుంటే మేం వద్దనం.