ఇంటి డాక్టరు శీర్షిక: వెనకబరువు

వేసవి దగ్గర పడుతోంది. ఇండియా నుంచి అమ్మానాన్నలు దిగే కాలం కూడా ఇదే. "పెద్దవాళ్ళను హోటళ్ళ చుట్టూ తిప్పలేము. మీలాగా ట్రైలరు కట్టుకుని కొండదారిన వెళ్తే ఎలా ఉంటుంది? కాస్త రాయండి" అని మన సంఘంలో రెండు కుటుంబాలవాళ్ళు అడిగారు. అందుకని ఈ నెల రక్తపోటు, చక్కెర వ్యాధి పక్కన పెట్టి ప్రయాణం సంగతి చెబుతున్నాము. చివరికి అవి ఇందులోకీ దూరతాయనుకోండి, అది మా అలవాటు.

మేము వెళ్ళింది బ్లూ రిడ్జ్ పార్క్‌వే. 1935లో పని మొదలై 1987లో పూర్తయిన రోడ్డు. వర్జీనియాలో ఆఫ్టన్ దగ్గర సున్నా మైలురాయి, నార్త్ కరొలైనాలో చెరొకీ దగ్గర 469వది. వేగం గంటకు 45 మైళ్ళు మించకూడదు. సరుకు లారీలు రావు, ప్రకటన బోర్డులు కనిపించవు. గ్యాస్ స్టేషను కూడా లేదు, కావాలంటే పక్కదారిన కిందికి దిగాల్సిందే.

ట్రైలరే ఎందుకంటే, అమ్మకు మోకాళ్ళ నొప్పులు, బాత్రూము దగ్గర్లో ఉండాలి. నాన్నగారికి ఇన్సులిను, వేళకు అన్నం పడాలి. పొయ్యి, మంచం, బాత్రూము వెంట వస్తే ఇద్దరికీ సుఖమని లెక్క వేశాము.

ఆ లెక్కలో ఒకటి మరిచాము. బియ్యం, గ్రైండరు, పచ్చడి సీసాలు, నీళ్ళ డబ్బాలు అన్నీ వెనక తలుపు దగ్గర చేరవేశాము, ఎక్కించడానికి తేలికని. బయల్దేరేముందు అమ్మ, "ఏరా, నేను ఆ మంచం మీదే పడుకుని వస్తానురా, కాళ్ళు చాపుకోవచ్చు" అంది. నిజం చెప్పాలంటే సరేనని తల ఊపబోయాము. కారులోనే కూర్చోబెట్టమని నాన్నగారు కసిరారు.

పార్క్‌వే ఇంకా రాలేదు, పెద్ద హైవే మీదే ఉన్నాము. ఒక లారీ మమ్మల్ని దాటిపోయింది. ఆ గాలికి ట్రైలరు పాము తోకలాగా అటూ ఇటూ ఊగడం మొదలెట్టింది. కారు కూడా దానితో ఊగింది. బ్రేకు తొక్కబోయి, అద్దెకిచ్చినవాళ్ళు చెప్పింది జ్ఞాపకం వచ్చి ఆగాము. గ్యాసు మీద కాలు తీసి, స్టీరింగు తిన్నగా పట్టుకుని, ట్రైలరు బ్రేకు మీట ఒక్కటే చేత్తో నొక్కాము. నిదానించింది. వెనక సీట్లో అమ్మ గట్టిగా కళ్ళు మూసుకుని ఉంది. ఆమె గనక ఆ మంచం మీద ఉండి ఉంటే?

రెస్ట్ ఏరియాలో ఆపాము. నాన్నగారు దిగి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, "వెనకబరువురా ఇది" అన్నారు. వడ్లబండి కట్టిన మనిషి ఆయన. ఎడ్లబండి వెనకబరువైతే కాడి పైకి లేచి, మెడతాళ్ళు ఎద్దుల గొంతుకు బిగుస్తాయి. ముందుబరువు మరీ ఎక్కువైతే మెడలు కుంగుతాయి. ఈ రోడ్డు మీదా లెక్క అదే. ట్రైలరు మొత్తం బరువులో నూటికి 10 నుంచి 15 పాళ్ళు కారు కొక్కెం మీద పడాలి. 4,000 పౌన్ల ట్రైలరుకు 400 నుంచి 600 అన్నమాట. అందరం కలిసి మూటలన్నీ చక్రాల మీదికీ, కొంచెం ముందుకీ జరిపాము. తర్వాత ఊగలేదు.

కాబట్టి వెళ్ళేవారికి మా చీటీ:

సామానంతా ఎక్కించాక లారీలు తూచే కాటా మీద ఒకసారి తూయించండి. నీళ్ళు గాలను 8 పౌన్ల పైమాటే. టాంకు ఎక్కడుందో చూసుకోండి. ట్రైలరు కదులుతుండగా అందులో ఎవరూ ఉండకూడదు, ఎంత నొప్పయినా సరే.

దూరాన్ని మైళ్ళలో కాక ఎత్తులో చూడండి. 64వ మైలురాయి దగ్గర జేమ్స్ నది, 649 అడుగులు. మరో 13 మైళ్ళలో ఆపిల్ ఆర్చర్డ్ కొండ, 3,950 అడుగులు. ఎక్కేటప్పుడు ఇంజను వేడి చూసుకోండి. దిగేటప్పుడు ముందే తక్కువ గేరులో పెట్టండి, బ్రేకు అదేపనిగా తొక్కితే వేడెక్కి పట్టు పోతుంది. పెద్దలతో రోజుకు నూరు మైళ్ళు చాలు. మేము మొదటి రాత్రి 86వ మైలు దగ్గర పీక్స్ ఆఫ్ ఆటర్‌లో ఆగాము. మర్నాడు 176వ మైలు దగ్గర మేబ్రీ మిల్లు అనే పాత నీటి మిల్లు చూశాము. అమ్మ అక్కడినుంచి కదిలితే ఒట్టు.

ఇన్సులిను కారులో, చల్లటి ఫ్లాస్కులో ఉంచండి. ఐసుకు నేరుగా తగలనివ్వకండి, గడ్డకడితే పనికిరాదు. గంటన్నరకు ఒకసారి ఆగి పెద్దవాళ్ళను నాలుగడుగులు నడిపించండి. కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా అదే మందు. చాలాచోట్ల ఫోను అందదు. ఏ మైలు దగ్గర దిగితే ఆసుపత్రి వస్తుందో ముందే కాగితం మీద రాసుకోండి. చలికి గ్యాసు పొయ్యి వెలిగించి పడుకోకండి. ఆ విషవాయువుకు వాసన ఉండదు.

2024 సెప్టెంబరులో హెలీన్ తుఫాను నార్త్ కరొలైనా భాగాన్ని బాగా దెబ్బతీసింది. ఏ మైలు నుంచి ఏ మైలు దాకా తెరిచి ఉందో పార్కు శాఖవారిని కనుక్కుని మరీ కదలండి.

ఇంటికి వచ్చాక నాన్నగారిని అడిగాము, బయల్దేరేముందే చెప్పలేదేమని. "నువ్వు డాక్టరువి గదా, తెలుసనుకున్నాను" అన్నారు. మన పెద్దలు మన చదువులకు జంకి నోరు విప్పరు. ఈసారి బండి కట్టేముందు వాళ్ళను ఒక్కసారి చుట్టూ తిరిగి చూడమనండి.

వచ్చే నెల మళ్ళీ రక్తపోటే. సెలవు.