అమ్మా, మన దొడ్లో మట్టి మాటేమిటి?

కపిలేశ్వరపురం అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు, లంక గ్రామాల వారికి విన్నపం.

కడుపుతో ఉన్న పిల్లకు రక్తం తక్కువని ఏఎన్ఎం చెబితే ఇంటిల్లిపాదీ తిండి గురించే మాట్లాడతాం. తోటకూర తినమంటాం, బెల్లం పెడతాం. మంచిదే. ఆమె చెప్పుల్లేకుండా తిరిగే మట్టి గురించి మాత్రం ఎవరం అడగం. రక్తం తాగే కొంకిపురుగు వచ్చేది ఆ మట్టిలోంచే.

ఆరుబయట పడ్డ మలంలో దాని గుడ్లుంటాయి. కొబ్బరి, అరటి నీడన తేమ నేలలో ఒకటి రెండు రోజుల్లో పిల్లలవుతాయి. వారం పది రోజులకు చర్మంలోకి దూరగలుగుతాయి. ఒట్టి పాదం తగిలితే చాలు, దురద పెట్టి లోపలికి పోతాయి. రక్తంలో కలిసి ఊపిరితిత్తులకు, అక్కడినుంచి గొంతుకు, గుటకతో పేగులకు చేరతాయి. పేగును కరిచి పట్టుకుని ఏళ్ల తరబడి రక్తం పీలుస్తాయి. తల్లి నీరసించిపోతుంది, బిడ్డ తక్కువ బరువుతో పుట్టవచ్చు. నడక వచ్చిన పిల్లలు పాలిపోతారు, ఎదగరు, పాఠం తలకెక్కదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో గర్భిణుల్లో సగానికి పైగా, అయిదేళ్లలోపు పిల్లల్లో 100కి 63 మందికి రక్తహీనత ఉంది. పురుగొక్కటే కారణం కాదు. కానీ ఐరన్ మాత్రలు మింగుతున్నా రక్తం పెరగకపోతే దాన్నీ అనుమానించాలి.

ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న అంగన్‌వాడీలో, బడిలో ఇచ్చే అల్బెండజోల్ మాత్ర పిల్లల చేత తప్పక మింగించండి. గర్భిణులు మొదటి మూడు నెలలూ వేసుకోకూడదు. నాలుగో నెల నుంచి డాక్టరు చెబితే వేసుకోవచ్చు. అయితే మాత్ర ఒంట్లో పురుగును చంపుతుందే గాని మట్టిలో పురుగును చంపదు. మట్టి మారకపోతే మళ్లీ పట్టుకుంటుంది.

చంటిబిడ్డ మలమే కదా అని పెరట్లో పారేయకండి, మరుగుదొడ్లో వేయండి. దొడ్లోకి వెళ్లినా చెప్పులు తొడగండి, పిల్లలకూ తొడిగించండి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి 25 లక్షల క్యూసెక్కులు దాటి లంకలు మునిగాయి. అలాంటప్పుడు ఒకరి మరుగుదొడ్డి గుంతలోది ఇంకొకరి వాకిట్లోకి చేరుతుంది. వరద తీశాక ఒట్టి కాళ్లతో ఒండ్రు ఎత్తకండి.

మిగతాది ఊరు చేయాలి. వచ్చే గ్రామసభకు ఆడవాళ్లంతా రండి. మరుగుదొడ్డి లేని ప్రతి ఇంటి పేరూ రాయించండి. సెప్టిక్ ట్యాంకు బండ్లు కాలువల్లో, తోటల్లో మలం వదలకుండా తీర్మానం చేయమని అడగండి. ఆ బండి ఎక్కడ ఖాళీ చేస్తోందో సర్పంచ్ గారు సభలోనే చెప్పేదాకా లేవకండి.