కుక్కపిల్లకు తొలి ఎనిమిది వారాలు ఎందుకంత కీలకం?

పెంపుడు కుక్క మనిషిని కరిచిందన్న వార్త రాగానే మొదట వినిపించే ప్రశ్న, ‘అది ఏ జాతి?’ తల్లి దగ్గర ఎన్నాళ్లు ఉంది, మొదటి రెండు నెలల్లో ఎంతమంది మనుషులను చూసింది అని అడిగేవారు అరుదు. మన విధానాలూ ఈ ధోరణినే అనుసరిస్తున్నాయి.

2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ రాష్ట్రాలకు ఒక లేఖ రాసింది. పిట్‌బుల్, రాట్‌వీలర్ సహా 23 జాతుల దిగుమతిని, పెంపకాన్ని, అమ్మకాలను నిషేధించాలన్నది దాని సారాంశం. సంబంధిత వర్గాలను సంప్రదించలేదన్న కారణంతో కర్ణాటక హైకోర్టు ఏప్రిల్ 10న ఆ లేఖను కొట్టివేసింది. అయితే కుక్క స్వభావాన్ని తీర్చిదిద్దే తొలిదశపై చర్చ మాత్రం అప్పటికీ ముందుకు సాగలేదు.

పరిశోధనలు చెప్పేదేమిటి?

అమెరికాలో 1961లో వెలువడిన ఒక అధ్యయనం ఈ రంగంలో నేటికీ ప్రామాణికం. అందులో కుక్కపిల్లలను మనుషుల స్పర్శ లేకుండా పెద్ద ఆవరణలో పెంచి, వేర్వేరు వయసుల్లో కొన్నింటిని మనుషులకు పరిచయం చేశారు. పద్నాలుగు వారాల వరకు మనిషిని ఎరుగని పిల్లలు ఆ తర్వాత ఎంత ప్రయత్నించినా చేరువ కాలేదు. జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ 1965లో ప్రచురించిన గ్రంథం కూడా ఈ సున్నిత దశను వివరించింది. సుమారు మూడో వారం నుంచి పన్నెండో వారం వరకు కుక్కపిల్ల లోకాన్ని భయం లేకుండా స్వీకరిస్తుంది. ఆ తర్వాత కొత్తదనం పట్ల జంకు పెరుగుతుంది.

ఈ దశలో సగానికి పైగా కాలం పిల్ల బ్రీడర్ చేతిలోనే గడవాలి. కాబట్టి కొనుగోలుదారు కంటే ముందు బాధ్యత బ్రీడర్‌దే.

మంచి బ్రీడర్ ఏం చేస్తారు?

మొదటి రెండు వారాలు పిల్లలకు చూపు, వినికిడి ఉండవు. ఒంటి వేడిని సైతం నిలుపుకోలేవు. వెచ్చదనం, తల్లిపాలు అందేలా చూడటం, రోజూ తూకం వేస్తూ కాసేపు చేతుల్లోకి తీసుకోవడం అప్పటి పని. మూడో వారానికి కళ్లు తెరుచుకుని, చెవులు వినిపించడం మొదలవుతుంది. అప్పటి నుంచి పిల్లలను ఇంటి మధ్యకు తెస్తారు. కుక్కర్ విజిల్, మిక్సీ మోత, వీధిలో బళ్ల చప్పుడు తక్కువ స్థాయి నుంచి క్రమంగా అలవాటు చేస్తారు. చిన్నపిల్లలు, చేతికర్రతో నడిచే వృద్ధులు, హెల్మెట్ పెట్టుకున్నవారు ఇలా రకరకాల మనుషులను చూపిస్తారు. బలవంతం చేయరు, పిల్ల తనంతట తాను దగ్గరకు వచ్చేదాకా ఆగుతారు.

నాలుగో వారం నుంచి మెత్తని ఆహారం పెడతారు. తోబుట్టువులతో ఆటలు ముదిరేదీ ఇప్పుడే. గట్టిగా కొరికితే ఎదుటి పిల్ల అరిచి ఆట ఆపేస్తుంది. హద్దు మీరితే తల్లి మందలిస్తుంది. పళ్ల బలాన్ని అదుపులో పెట్టుకోవడం కుక్కపిల్ల నేర్చుకునేది ఇలాగే. అయిదో వారంలోనే వేరు చేస్తే ఈ పాఠం మధ్యలో ఆగిపోతుంది.

నిబంధన ఉంది, అమలు మాటేమిటి?

2017 నాటి కుక్కల పెంపకం, విక్రయాల నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదు. బ్రీడర్లు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు కావాలి. ఆడకుక్కకు 18 నెలలు నిండాకే సంతానోత్పత్తి చేయించాలి. కానీ ఆర్థిక లెక్క దీనికి ఎదురు నడుస్తుంది. అయిదు నుంచి ఎనిమిది వారాల మధ్య మేత, టీకాలు, శుభ్రతకయ్యే ఖర్చు పెరుగుతుంది; చిన్న పిల్లే ముద్దుగా కనిపించి త్వరగా అమ్ముడుపోతుంది. తనిఖీ భయం లేనిచోట తొందరపాటుదే పైచేయి. రాజపాళయం, ముధోల్ వంటి దేశీయ జాతులకూ ఇదే వర్తిస్తుంది.

పార్వో వైరస్ భయంతో టీకాలన్నీ పూర్తయ్యేదాకా పిల్లను గదిలో బంధించడం మరో పొరపాటు. టీకాల వరుస సుమారు పదహారు వారాల వరకు సాగుతుంది. అప్పటికి సున్నిత దశ ముగిసిపోతుంది. తొలి టీకా పడ్డాక, జబ్బు కుక్కలు తిరిగే చోట్లకు దూరంగా, శుభ్రమైన పరిసరాల్లో పరిచయాలు కొనసాగించాలని జంతు ప్రవర్తనా నిపుణులు సూచిస్తున్నారు.

పెంపకమే సర్వస్వం కాదు. వంశపారంపర్య స్వభావమూ ముఖ్యమే; బెదురు స్వభావం గల తల్లికి ఈతలు వేయించకపోవడమూ బ్రీడర్ బాధ్యతే. పెద్ద కుక్క కాటు తీవ్రతను తక్కువ చేసి చూడలేం. అయితే జాతి పేరుతో విధించే నిషేధం ఆ జాబితాలో లేని కుక్కను అడ్డుకోదు, నిర్లక్ష్యంగా పెంచే బ్రీడర్‌ను ప్రశ్నించదు.

ఆ ప్రశ్న వేయగలవారిలో కొనుగోలుదారు ఒకరు. తల్లిని చూపమనడం, పుట్టిన తేదీ, టీకా పత్రం, నమోదు ధ్రువపత్రం అడగడం, ఎనిమిది వారాలు నిండకపోతే వెనుదిరగడం వారి చేతిలోని పని. ఆ పత్రాలను తనిఖీ చేయడం ప్రభుత్వాల పని.