మత్తు ఏ దారిన ఇచ్చినా బీపీ పడిపోకూడదు

ఐరాల మండలంలో బైకు మీద నుంచి పడి తలకు పెద్ద దెబ్బ తగిలితే ముందు చిత్తూరుకు, అక్కడి నుంచి తిరుపతి స్విమ్స్‌కో రుయాకో, లేదంటే వేలూరు సీఎంసీకో పరుగు తీయాల్సిందే. చిత్తూరు నుంచి తిరుపతి సుమారు 70 కిలోమీటర్లు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలకు 1,68,491 మంది బలయ్యారు. వారిలో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాలపై వెళ్లినవారే. పుర్రె తెరిచి గడ్డకట్టిన రక్తాన్ని తీసే ఆపరేషన్‌లో మత్తు డాక్టరు తేల్చుకోవాల్సింది ఒకటుంది: మందు నరం గుండా ఎక్కించాలా, ఊపిరి గుండా ఇవ్వాలా?

పుర్రె సాగదు. లోపల రక్తం చేరినా, మెదడు వాచినా ఒత్తిడి పెరుగుతుంది. సిరంజి పంపుతో నరంలోకి ఎక్కించే ప్రొపోఫాల్ మెదడు పనిని తగ్గిస్తుంది, దానితోపాటే రక్త ప్రవాహాన్నీ తగ్గిస్తుంది. అందువల్ల ఒత్తిడి దిగుతుంది. సెవోఫ్లురేన్, ఐసోఫ్లురేన్ వంటి ఆవిరి మందులు కూడా మెదడు పనిని తగ్గిస్తాయి, కానీ మోతాదు పెరిగితే రక్తనాళాలను వెడల్పు చేస్తాయి. 2003లో డెన్మార్క్ వైద్యులు మెదడు కణితి ఆపరేషన్లు చేయించుకున్న 117 మందిలో ఈ మూడింటినీ పోల్చారు. ప్రొపోఫాల్ ఇచ్చినవారి పుర్రెలోనే ఒత్తిడి తక్కువగా కనిపించింది.

అంతమాత్రాన నరం దారే మేలని తీర్పు చెప్పలేం. ఆ రోగులు ముందుగా తేదీ ఖాయం చేసుకుని వచ్చినవారు. ప్రమాదంలో రక్తం పోగొట్టుకున్నవారు కారు. ప్రొపోఫాల్ బీపీని బాగా దించేస్తుంది. పైగా సూది నరంలోంచి జారినా వెంటనే తెలియకపోవచ్చు. ఆవిరి మందు ఎంత అందుతోందో మాత్రం రోగి వదిలే ఊపిరిని కొలిచి మానిటర్ చూపుతుంది. గాయపడినవారి ప్రాణం నిలపడంలో ఒకటి రెండోదాన్ని మించిందనే బలమైన ఆధారం ఇంకా లేదు.

బలమైన ఆధారం ఉన్నది బీపీ విషయంలో. అమెరికాలో తలకు తీవ్ర గాయమైన 717 మంది వివరాలు పరిశీలించి 1993లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పై బీపీ ఒక్కసారైనా 90 కంటే కిందికి దిగినవారిలో మరణాలు రెట్టింపయ్యాయి. 15 నుంచి 49 ఏళ్లవారికి, 70 దాటినవారికి పై బీపీ 110కి, 50 నుంచి 69 ఏళ్లవారికి 100కి తగ్గకుండా చూడాలని బ్రెయిన్ ట్రామా ఫౌండేషన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. పుర్రె తెరిచి ఒత్తిడి తీసేసిన క్షణంలో బీపీ ఒక్కసారిగా కూలిపోవచ్చు. అందుకు ముందే రక్తం, సెలైన్, బీపీ పెంచే మందు చేతికందేలా ఉండాలి. ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌నూ కొలుస్తూ ఉండాలి.

కాబట్టి ప్రభుత్వం ముందు దృష్టి పెట్టాల్సింది మందుల ఎంపికపై కాదు. చిత్తూరులో రాత్రీపగలూ మత్తు డాక్టరు ఉండాలి. సిరంజి పంపు, కార్బన్ డయాక్సైడ్ మానిటర్, రక్తనిధి పనిచేస్తూ ఉండాలి. దారి పొడవునా 108 అంబులెన్స్ సిబ్బంది బీపీ, ఆక్సిజన్ పడిపోకుండా కాపాడి, రోగి వస్తున్నాడని పెద్దాసుపత్రికి ముందే కబురందించాలి. ఇవన్నీ కుదిరిన చోట నరం దారైనా ఊపిరి దారైనా రోగికి మేలే చేస్తుంది. ఇవి కొరవడిన చోట ఎంత మంచి మందూ ఐరాల బిడ్డను కాపాడలేదు.