బరువు మోసేది జిగురు కాదు, అస్తరు



పోయిన నెల ఇందుకూరుపేటలో మా ఖాలా కూతురి ఇంటికి వెళ్ళాను. రెండేళ్ళ కింద ఆమె నికాహ్‌కి తోహ్ఫాగా నేను చేసిచ్చిన పర్దా ఇంకా హాలు గుమ్మానికి వేలాడుతోంది. మైపాడు ఒడ్డున మా పిల్లలు ఏరుకొచ్చిన గవ్వలు, శంఖాలు, అరచేతి వెడల్పు ఆల్చిప్పలు అంటించిన పర్దా అది. దగ్గరికెళ్ళి చూస్తే సగం ఆల్చిప్పలు లేవు. ఉన్నచోట పసుప్పచ్చ జిగురు మచ్చలు. రెండుచోట్ల గుడ్డే చిరిగిపోయింది.

"పర్వాలేదు ఆపా, రాలినవన్నీ డబ్బాలో దాచిపెట్టా" అంది ఆ పిల్ల. షరమ్‌తో తల ఎత్తలేకపోయాను.

చేతిపని చేసే ఆడవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగే సవాల్ ఒక్కటే: "ఏ జిగురు మంచిదమ్మే?" ఇప్పుడు నా జవాబ్ ఇది. ముందు అడగాల్సింది జిగురు గురించి కాదు, అస్తరు గురించి. ఈ బరువుని వెనకనుంచి మోసేది ఏది?

రాలిన వస్తువు వీపు చూడండి, గల్తీ ఎక్కడుందో అదే చెప్తుంది. వీపు శుభ్రంగా ఉంటే జిగురు దాన్ని పట్టుకోలేదని అర్థం. దారప్పోగులు అంటుకుని ఉంటే జిగురు పట్టింది, గుడ్డే ఓడిపోయింది. నా డబ్బాలో రెండు రకాలూ ఉన్నాయి.

శుభ్రంగా రాలినవాటిది నా తొందరపాటు. సముద్రపు చిప్పల్లో ఉప్పు ఉంటుంది, ఉప్పు గాలిలోని తేమని లాక్కుంటుంది. మన తీరంలో తేమకి కరువా? చిప్పల్ని మంచినీళ్ళలో నానబెట్టి, బాగా ఆరబెట్టి, నున్నటి వీపుని గరుకు కాగితంతో కాస్త రుద్ది ఉండాల్సింది.

గుడ్డతో సహా ఊడినవాటికి కారణం అస్తరు లేకపోవడం. పల్చటి గుడ్డ సాగుతుంది, గట్టిపడిన జిగురు సాగదు. బరువంతా రూపాయి బిళ్ళంత చోట వేలాడితే గుడ్డ ఎన్నాళ్ళు సబర్ చేస్తుంది? వెనక కాన్వాసో మందపాటి నూలుగుడ్డో వస్తువు కంటే వెడల్పుగా పెట్టి, అంచులు కుట్టేస్తే బరువు నలుదిక్కులా పంచుకుపోతుంది. గంజి పెట్టిన బక్రమ్ గోడకి తగిలించేవాటికి చాలు, ఉతికేవాటికి పనికిరాదు. నీళ్ళు తగిలితే మెత్తబడిపోతుంది.

ఇక జిగురు. ఫెవిక్విక్‌ని నూలుగుడ్డ మీద వెయ్యకండి. దూదితో కలిస్తే వేడెక్కి పొగొస్తుంది, వేళ్ళు కాలతాయి. ఆరాక గాజులా బిరుసెక్కి మడతలో పగులుతుంది. గ్లూ గన్ పని త్వరగా అవుతుంది గానీ దాని జిగురు కరిగించి పోసిందే. మన రోహిణి కార్తె ఎండలో, ఆపి ఉంచిన కారులో మళ్ళీ మెత్తబడుతుంది. తెల్ల ఫెవికాల్ కాగితానికీ చెక్కకీ మేలు, తేమకి నిలవదు. అద్దం, రాయి, చిప్ప లాంటివాటికి ఆరినా సాగే గుణం ఉన్న బీ-7000 లాంటి ట్యూబ్ జిగురు నయం. అంటించాక ఒకటి రెండు రోజులు బల్లమీద పరిచి ఉంచాలి, వెంటనే వేలాడదీయకూడదు.

అంతకన్నా బరువైనదైతే చిల్లు పెట్టి కుట్టాల్సిందే. మన లంబాడీ ఆడవాళ్ళు గవ్వల్నీ అద్దాల్నీ దారంతోనే నిలబెట్టారు. కాబా షరీఫ్ కిస్వా సంగతి చూడండి. బంగారు పూత పూసిన వెండి తీగే సుమారు 120 కిలోలు పడుతుందంటారు. దాన్ని నల్ల పట్టు మీద కుట్టుతోనే నిలుపుతారు. ఆ పట్టు వెనక గట్టి నూలు అస్తరు ఉంటుంది.

ఇదంతా నా పర్దా గురించే అయితే రాసేదాన్ని కాదు. మన వీధుల్లో దుల్హన్ దుపట్టాలకి స్టోన్లు అంటించే అమ్మాయిలు ఎందరో ఉన్నారు. దుకాన్‌వాళ్ళు పల్చటి జార్జెట్ ఇచ్చి, అస్తరు ఖర్చు మిగుల్చుకుని, సాయంత్రానికి కావాలంటారు. వలీమా నాటికి స్టోన్లు రాలితే కోత పడేది మాత్రం ఆ అమ్మాయి మజూరీలో. ఇది నాఇన్సాఫీ. నుక్సాన్ అస్తరు మిగుల్చుకున్నవాళ్ళు భరించాలి.

"కుట్టుకి రోజులు పడతాయి, అంత డబ్బు ఎవరిస్తారు?" అంటారు. నిజమే. నేను జిగురు హరామ్ అనడం లేదు. దర్జీ దగ్గర మిగిలిన కాన్వాస్ ముక్కకి ఎంతవుతుంది? అది కూడా వెయ్యలేకపోతే "ఇది అంటించింది, ఉతకొద్దు, డ్రైక్లీనింగ్‌కి ఇవ్వొద్దు" అని నోరు తెరిచి చెప్పి అమ్మండి. సరుకులో ఐబ్ ఉంటే దాచకూడదని చిన్నప్పటి నుంచి విన్నవాళ్ళమే కదా. కొనే బెహెన్‌లకి ఒక్క మాట: మెరుపు చూశాక గుడ్డని వెనక్కి తిప్పండి. అస్తరు ఉంటే దానికి పైసలివ్వడానికి బేరమాడకండి.

ఆ డబ్బా నేను తెచ్చుకున్నాను. చిప్పలు ఇప్పుడు మంచినీళ్ళలో నానుతున్నాయి, కాన్వాస్ కత్తిరించి పెట్టాను. ఇన్‌షా అల్లాహ్, ఈసారి పర్దా ఇచ్చేటప్పుడు ముందు దాని వీపే చూపిస్తాను.