ర్యాప్ పాటతో రాత పాఠం
1973లో న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్‌లో పుట్టిన హిప్‌హాప్ నేడు అమెరికాలో ఎన్నో బడుల్లో రాత నేర్పే సాధనమైంది. 2015లో న్యూజెర్సీలో ఒక ఇంగ్లిష్ టీచర్ రచయిత్రి టోనీ మారిసన్ నవలతో కలిపి ర్యాపర్ కెండ్రిక్ లమార్ ఆల్బమ్‌ను పాఠంగా చెప్పారు. సంగతి తెలిసి లమారే ఆ బడికి వెళ్లి పిల్లల కవితలు విన్నారు. హిప్‌హాప్‌లో మాటల భాగమైన ర్యాప్‌లో ఒక చరణం సాధారణంగా 16 బార్లు, అంటే 16 తాళ కొలతలు. లయ తప్పకుండా ఆ కొలతలో భావం ఇమడాలంటే ఒక మాట కొట్టేసి మరో మాట వెతకాలి, పాదం మధ్యలో పడే ప్రాసను చెవితో పట్టుకోవాలి. తిరగరాయమంటే మొహం చిట్లించే పిల్లలు కూడా బీట్ కుదరలేదని తమంతట తామే దిద్దుకుంటారు. వ్యాకరణ పుస్తకం ఒక్కటే చేయించలేని పని ఇది. పాటను ఎరగా చూపి మళ్లీ పాత వర్క్‌షీట్‌కే లాక్కెళితే మాత్రం ఫలితం ఉండదు. ఏ వయసుకు ఏ పాట తగునో ఏరడం, కొన్ని పాటల్లో స్త్రీలను కించపరిచే పంక్తులను పెద్ద తరగతుల్లో దాచకుండా చర్చకు పెట్టడం టీచర్ బాధ్యత.